మీటరు అద్దం మీద బొట్టు

ఖరగ్‌పూర్ జంక్షన్లో ఆ రోజుల్లో నడిచిన ప్రతి రైలూ నా చేతి మీదుగానే నడిచిందని మా మనవలకు చాలాకాలం చెప్పాను. నేను వేలు తీస్తే మెయిలు ఆగిపోయేదని కూడా అన్నాను. కోతలు. నేను టెలిప్రింటర్ సెక్షన్లో మెకానిక్‌ని. నేను వేలు తీస్తే మీటరు వైరు ఊడి కింద పడేది, అంతే.

టెలిప్రింటర్ అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. అవతలి ఊళ్ళో ఒకతను టైపు కొడితే ఇక్కడ మా మిషను దానంతటదే అవే అక్షరాలు కొట్టేది. తీగలో అక్షరం అక్షరంలా రాదు. ప్లస్సు, మైనస్సులుగా, ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తుంది. ప్లస్ వైపు ఎనభై వోల్టులు, మైనస్ వైపూ ఎనభై ఉండాలి. ఏ పక్క తగ్గినా అక్షరాలు తప్పుతాయి, వ్యాగన్ నంబర్లు మారిపోతాయి, ఒక ఊరికి పోవాల్సిన బొగ్గు ఇంకో ఊరికి పోతుంది. బొగ్గు పోవడం నేను చూడలేదు గాని, నంబర్లు మారడం చూశాను.

రోజూ పొద్దున్నే ఆ వోల్టేజి చూడడం మావ పని. మావ అంటే పిల్లనిచ్చిన మామ కాదు. శ్రీకాకుళం వైపు మా పక్క ఊరివాడు, ఇక్కడ మా పక్క క్వార్టరువాడు, నాకు పని నేర్పినవాడు. మా మీటరులో సున్నా మధ్యలో ఉంటుంది. ప్లస్ అయితే ముల్లు కుడికి, మైనస్ అయితే ఎడమకి పోతుంది. ఆ ఏడు ఎండాకాలానికి మావ కళ్ళు మసకబారాయి. ముల్లు ఎటు పోయిందో తెలిసేది, ఎంతదాకా పోయిందో తెలిసేది కాదు.

"డాక్టరుకి సూపించుకో మావా," అన్నాను.

"సూపిస్తే ఏటవుద్ది? అన్‌ఫిట్ అని రాసేత్తాడు. రిటైరుమెంటుకి ఇంకా రెండేళ్ళున్నాది. క్వార్టరు కాళీ సెయ్యమంతారు. మీ అత్తనీ, మా అమ్మనీ ఎక్కడెట్టమంతావురా గుంటడా, నీ నెత్తి మీదా?"

అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. అయినా మావకి గుంటడినే.

దేవుడి గూట్లోని కుంకుమ తెచ్చి, జిగురులో కలిపి, మీటరు అద్దం మీద ఎనభై దగ్గర ఎడమకొకటి, కుడికొకటి చిన్న బొట్లు పెట్టాం. ముల్లు ఎరుపు కిందికి పోతే సరి. అంకె కనపడకపోయినా ఎరుపు కనపడేది. ఆ ఉపాయం నాదేనని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. అది అత్తది. బెంగాలీ ఇన్‌స్పెక్టరు "యే క్యా హై?" అని అడిగితే మావ, "పూజా, సార్. హమ్ తెలుగు లోగ్," అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

వానలు తగ్గాక విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు పని ఉండదు. స్క్రూడ్రైవర్ల దగ్గర్నుంచి సైకిళ్ళ దాకా అన్నిటికీ పూజారి సిందూరం పెడతాడు. వరసగా పెట్టుకుంటూ వచ్చి, మా మీటరు అద్దం మీద కూడా ఎడంపక్కన బొటనవేలితో ఒక్క రాపు రాశాడు. ప్రమోషన్ కోసం ఎవడో కావాలని చేయించాడని కొన్నాళ్ళు ప్రచారం చేశాను. ఎవడూ లేడు. పూజారి ఏటేటా చేసే పనే అది.

మర్నాడు అక్షరాలు తప్పుతున్నాయని రైళ్ళు నడిపే కంట్రోలు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. నేను వైర్లు పట్టుకున్నాను. మావ మీటరు మీదికి వంగాడు. ప్లస్ సరిగానే ఉంది. మైనస్ పెట్టాను.

"అస్సీ, సార్," అన్నాడు మావ. ఎనభై అని.

ముల్లు నలభై దగ్గర ఉంది, పూజారి రాసిన ఎరుపు కింద.

"ఫిర్ సే దేఖో, మిస్త్రీ," మళ్ళీ చూడమన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అస్సీయే, సార్."

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. జేబురుమాలు తడిపి అద్దం తుడిచాడు. సిందూరం పోయింది. తర్వాత గోటితో గీకి అత్త పెట్టిన బొట్లు కూడా తీసేశాడు. "అబ్ బోలో," అన్నాడు మెల్లగా.

మావ చాలాసేపు వంగి చూశాడు. పక్క మిషన్లు టకటక కొడుతున్నాయి.

అప్పుడు నేను ముందుకొచ్చి, ఆ బొట్లు పెట్టింది నేనే, నా ఉద్యోగం తీసెయ్యండని గర్జించినట్టు పెళ్ళిళ్ళలో చాలామందికి చెప్పాను. నోరు తెరిచిన మాట నిజం. మావ బూటుతో నా కాలు తొక్కాడు. "ఇస్కో కుచ్ నహీ మాలూమ్, సార్," అన్నాడు, వీడికేమీ తెలియదని. నేను నోరు మూసుకున్నాను.

డాక్టరు అన్‌ఫిట్ రాశాడు. మావని తాగునీళ్ళు పోసే పనిలో వేశారు. ఆ పనికి ఆ క్వార్టరు రాదు. రైలు గేటు అవతల కిటికీ లేని గదిలో అద్దెకు దిగారు. మావ తల్లి ముసలమ్మ ఆ చలికాలం దాటలేదు. ఆ గదే చంపిందని నేనంటాను. ఆవిడకి వయసు మీరిపోయిన మాట కూడా నిజమే.

మావ మా గదికీ నీళ్ళు తెచ్చేవాడు. బల్ల అంచు తడిమి గ్లాసు పెట్టి, "ఎంతున్నాదిరా?" అని అడిగేవాడు.

"ఎనభై మావా," అనేవాణ్ణి. ఎంతున్నా అదే అనేవాణ్ణి.

ఒకరోజు గ్లాసు పెట్టి కదలలేదు. "నాకు సెప్పకు. కళ్ళు పోనాయి గాని నా సెవులకెవుడూ బొట్టెట్టనేదు. మిషను అచ్చరాలు మింగేత్తంది."

మీటరు పెట్టి చూశాను. మైనస్ అరవై. చెబుదామని తిరిగేసరికి గోడ పట్టుకుని, నీళ్ళు ఒలకబోసుకుంటూ పక్క గదికి పోతున్నాడు.

మర్నాటి నుంచి ఉన్న అంకే చెప్పాను. వినేవాడు, ఊ అనేవాడు, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేవాడు.