సముద్రం పక్కన ఇల్లు అమ్మబోయి

మలేషియాలో మాకొక ఇల్లుందంటే తార్నాకలో ఎవరూ నమ్మరు. నమ్మినవాళ్లు మమ్మల్ని కోటీశ్వరులనుకుంటారు. నిజానికి అది ఐదో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. అక్కడి యూనివర్సిటీలో మూడేళ్లు పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు, కిటికీలోంచి సముద్రం కనిపిస్తోందని నా భార్య ముచ్చటపడితే ఇద్దరి పేరు మీదా కొన్నాం. తిరిగొచ్చాక కూడా ప్రతి వేసవిలో వెళ్లేవాళ్లం. మొదట నా మోకాళ్లు, ఆ తర్వాత ఆమె మతిమరుపు ఆ ప్రయాణాన్ని మాన్పించాయి.

మనుషులు లేని ఇల్లు మనం వదిలిపెట్టినట్టు ఉండదు. గోడలకు చెమ్మ ఎక్కింది, వంటింటి అలమరలకు చెదలు పట్టాయి. అక్కడి బ్రోకరు పంపే ఫోటోల్లో ప్రతిసారీ కొత్త మరక కనిపించేది. పాత బిల్డింగు, కొనేవాళ్లు కొత్తవే చూస్తున్నారని రాసేవాడు. చూసి వెళ్లినవాళ్లెవరూ మళ్లీ పలకలేదు.

మా అమ్మాయి మల్కాజ్‌గిరిలో ఉంటుంది. ఉన్నమాట మొహం మీదే చెప్పే మనిషి. "నాన్నా, అమ్మకు అన్నీ గుర్తున్నప్పుడే ఆ సంతకాల పని కానియ్యి. రేపు నీకేమన్నా అయితే అమ్మతో ఆ ఇల్లు ఎవరు అమ్మించాల?" అని రెండేళ్ల కిందటే అన్నది. సరేనన్నాను గానీ ముందుకు కదల్లేదు. ఇల్లు అమ్ముదామని నా భార్యతో అనడమంటే, ఇంక మనం అక్కడికి పోలేమని చెప్పడమే. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

చివరికి ఈ ఏడు ఒక జంట కొంటామని ముందుకొచ్చారు. ఈ బేరం తప్పిపోతే నా తర్వాత ఆమెకు కోర్టులే గతి అని నాకు తెలుసు. మా బదులు అమ్మిపెట్టడానికి అక్కడి లాయరు పేరున ఇద్దరం అధికారపత్రం రాసివ్వాలి. తార్నాకలో జిరాక్సు షాపు పైన ఒక నోటరీ కూర్చుంటాడు. ఆమెను కింద ఆటోలోనే కూర్చోబెట్టి, ఇంట్లో చేయించిన సంతకంతో పైకి ఎక్కాను. ఆమెను పిలుచుకొస్తానని మాటవరసకు అన్నాను. "ఎందుకు సార్, పెద్దమనిషికి మెట్లు ఎక్కుడు తక్లీఫ్ గదా. సంతకం ఉన్నది, చాలు," అని తలెత్తకుండానే ముద్ర వేశాడు. ఆమె నోటరీ ఎదుటే చదువుకుని సంతకం చేసిందని ఆ ముద్ర కింద రాసి ఉంది. ఇక్కడ పనులన్నీ అట్లాగే అవుతాయి కదా అని సంతోషంగా దిగాను.

అక్కడి లాయరు ఆ సంతకంలోని వణుకు చూసింది. మర్యాదగానే ఉత్తరం రాసింది. అమ్మగారితో ఒకసారి వీడియోలో మాట్లాడాలి, ఇష్టపడే అమ్ముతున్నారని ఆమె నోటే వినాలి అన్నది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. జీవితమంతా ఇక్కడి యూనివర్సిటీ క్యాంపస్‌లో గడిపినవాణ్ని. వైవా ముందు పీహెచ్‌డీ విద్యార్థిని కూర్చోబెట్టి, బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ఏమడుగుతాడో, ఏం చెప్పాలో నూరిపోయడం మాకు మామూలు. నా భార్యనూ అట్లాగే తయారు చేశాను. వారం రోజులు పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తూ అడిగేవాణ్ని. మీ ఇల్లు ఎక్కడుంది? ఎందుకు అమ్ముతున్నారు? ఎవరైనా బలవంతం చేశారా? ఆమె బుద్ధిగా అప్పజెప్పేది. ఒక్కోరోజు మధ్యలో ఆగి, చెట్టు బెరడు తడిమి దాని శాస్త్రీయ నామం చెప్పేది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పింది, అది మాత్రం ఎక్కడికీ పోలేదు. నేను విసుక్కుని మళ్లీ మొదటి ప్రశ్నకు లాక్కొచ్చేవాణ్ని.

ఆ రోజు అమ్మాయి సెలవు పెట్టి వచ్చి లాప్‌టాప్ సర్దింది. నన్ను కెమెరాకు కనబడనంత దూరంలో కూర్చోమని లాయరు చెప్పింది. లాయరు నెమ్మదిగా, విడమరిచి ఇంగ్లీషులో అడిగింది. మొదటి రెండు ప్రశ్నలకూ నా భార్య పొల్లు పోకుండా జవాబు చెప్పింది. పరీక్ష గట్టెక్కినట్టే అనుకున్నాను. మూడోది అడగ్గానే ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. క్లాసులో కాపీ పట్టుకున్నప్పుడు అట్లాగే తీసేదని ఆమె శిష్యులు చెప్పుకునేవారు.

"ఇవన్నీ ఆయన నాతో బట్టీ పట్టించినారు. మీరు దీన్ని నమ్మకూడదు," అన్నది, మంచి ఇంగ్లీషులో.

లాయరు ఆమెకు ధన్యవాదాలు చెప్పి, ఈ కాగితాల మీద తాను ముందుకు వెళ్లలేనని అమ్మాయితో చెప్పింది. బేరం అక్కడితో పోయింది. అమ్మాయి లాప్‌టాప్ మూసేసి వైర్లు చుట్టింది.

సాయంత్రం యథాప్రకారం క్యాంపస్‌కు వెళ్లి, దారి పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. హాస్టలు పిల్లలు గుంపుగా టీకి పోతున్నారు. ఆమెతో తప్పయిందని చెప్పాను. దేనికని అడిగింది. సముద్రం పక్కన ఇంటి సంగతి మొదటినుంచీ చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అందరినీ అడిగినారు. నన్ను మాత్రం యాడ అడిగినారు?" అన్నది. గొంతులో కోపం లేదు. "అప్పుడే అడిగింటే చెప్పేదాన్ని కదా."

నిజమే. బ్రోకరును అడిగాను, లాయరును అడిగాను. ఆమెకు జవాబులు నేర్పానే తప్ప, అమ్ముదామా అని ఒక్కసారి కూడా అడగలేదు.

"అప్పుడు అడిగి ఉంటే ఏం చెప్పేదానివి?" అన్నాను.

గుర్తుచేసుకోవడానికి నిజంగానే కష్టపడుతోందని మొహంలో తెలుస్తోంది.

"ఏమోనండీ, ఇప్పుడు గుర్తుకు రావడంలేదు," అన్నది.