పిల్లిపెసరమ్మ చేను

నిన్న పొద్దున చేనులో కలుపు తీస్తున్న కన్నడ పిల్ల, నేల మీద పాకిన ఒక తీగను పీకబోయి ఆగి, "ఇదర హెసరేనమ్మా?" అని అడిగింది, దీని పేరేమిటని. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

గిల్లేసూగూరు దాటాక తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ చేను మా పెద్దనాన్నది. ఆయనకు రాయచూరు గంజ్‌లో పప్పుల దుకాణం కూడా ఉండేది. పాలమూరు దిక్కునుంచి కోడలిగా వచ్చిన పెద్దమ్మకు కన్నడం రాదు. దుకాణంలో వినీ వినీ హెసరంటే పెసలని మాత్రం పట్టుకుంది. పేరును కూడా హెసరనే అంటారని ఆమెకెవరు చెప్పారు గనక! ఒకరోజు ఏటిగట్టున అడవి కాయలు ఒడినిండా కోసుకొస్తుంటే పక్కచేని ఆమె నీ హెసరేమని అడిగిందట; ఇవేం పెసలని అడుగుతోందనుకొని మా పెద్దమ్మ దర్జాగా పిల్లిపెసర అన్నదట. ఇంకేముంది, చచ్చేదాకా ఆమె ఆ ఒడ్డంతటికీ పిల్లిపెసరమ్మే. పెద్దనాన్న వేళాకోళం చేస్తే, "ఏమైతది తియ్యి, నీ పేరుకన్న నయమే, పశువులన్న తింటయి" అనేది.

సెలవుల్లో నేనొస్తే మంచు ఆరకముందే లేపి గట్లమీదికి తీసుకుపోయేది, ఎండెక్కితే కాయలు చిట్లి గింజలు రాలిపోతాయని. అడవి ఉలవ, అడవి కంది, వెంపలి, గట్టుకొక తీరు. ఏ తీగనూ పూర్తిగా దులపనిచ్చేది కాదు, నేలకు గింతన్న పెట్టాలె బిడ్డా అంటూ. మన ఈడువాళ్ళకు అలాంటి పెద్దమ్మ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

పెద్దనాన్న, పెద్దమ్మలకు పిల్లలు లేక ఈ చేను నా చేతికొచ్చేసరికి, కాలువ నీళ్ళతో వరి మీద వరి వేసి వేసి నేలంతా చౌడుబారి, ఉప్పు చల్లినట్టు తెల్లబడింది. ఇంకేం చేసినా బూడిదలో పోసిన పన్నీరే, అమ్మెయ్యమన్నారు అందరూ. మా ఆయన పోయాక నాకు మాత్రం వేరే పనేముంది? మురుగు పోయేటట్టు కాలువలు తీయించి, పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, ఎదిగాక కలియదున్నించి, ఏటి ఒడ్డున మిగిలిన గట్లమీద ఏరుకొచ్చిన పిల్లిపెసర గింజలు చేనులో చల్లాను. మొదట మొలవలేదు. మరుసటేడు మొలిచి మాడింది. ఆమె పేరైన తీగ ఆమె చేనులోనే లేకుండా పోతే ఎట్లా అని, నాకూ పంతమే. ఈ వానకు పట్టింది, పసుపుపచ్చగా పూసింది.

పీకొద్దని చెప్పి, పెద్దమ్మ లాగే దర్జాగా, పిల్లిపెసర అన్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా. ఆ పిల్ల బుద్ధిగా తలూపి పక్క సాలులోకి జరిగింది. అవును మరి, ఇప్పుడది సరైన జవాబేనాయె! తీగ తిరిగొచ్చింది గానీ, ఆ పేరు చెప్తే నవ్వేవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.