గంపలో నూలు ఉండలు

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నా జీతమంతా చుట్టాల చేబదుళ్లకే పోయేది. అద్దె ఇల్లు వదిలే ఆశ కూడా వదులుకున్నాను.

ఒకసారి కోట అనే ఊరి నుంచి బస్సులో వస్తుంటే పక్కన చేపలమ్మే ఆవిడ కూర్చుంది. ఖాళీ అయిన గంపలో కొత్త నూలు ఉండలున్నాయి. ఎందుకని అడిగాను.

"వల అల్లేదానికి, అన్నా. దుడ్డు ఇంటికి తీసకపోతే ఎవురో ఒకరు చేబదులడగతారు. నూలు ఎవురడగతారు? సొంత వలుంటే మా ఆయన ఇంకొకరి కింద పనికి పోయే పన్లేదు," అని ఒక ఉండ నా చేతిలో పెట్టి బరువు చూడమంది.

మరుసటి జీతం రోజు ఇంటికంటే ముందు ఇటుకల బట్టీకి వెళ్లాను. నెలనెలా మాకున్న ఖాళీ జాగాలో ఇటుకలు పేర్చుకుంటూ పోతే కొన్నేళ్లకు ఇల్లు లేచింది.

గృహప్రవేశం నాడు మా బావమరిది భోంచేసి, మిగిలిన ఇటుకలు చేబదులిమ్మన్నాడు. నవ్వుకుంటూ ఇచ్చాను.