మార్గరెట్ ఆంటీ ఊరి పేరు

ఇంగ్లండ్ వెళ్ళిన మా అమ్మాయి పొద్దున ఒక ఫొటో పంపింది. నాలుగు దారుల కూడలిలో ఊళ్ళ పేర్లున్న తెల్ల చెక్క స్తంభం. చూడగానే ముక్కుకి గమ్ టేపు వాసన తగిలింది.

సౌదీలో ధహ్రాన్ కంపెనీ కాంపౌండులో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. గల్ఫ్ యుద్ధం, విషవాయువు రాకుండా కిటికీల నిండా టేపు, సైరన్ మోగగానే లోపలి గదిలోకి పరుగు. పక్కింటి మార్గరెట్ ఆంటీ కూడా మా గదిలోకే వచ్చేది. అమ్మ చేసిన జంతికలు నములుతూ ఇంగ్లండులోని వాళ్ళ ఊరి కబుర్లు చెప్పేది. నలభై ఇళ్ళు, రాతి చర్చి, ఒకే ఒక్క కొట్టు, పోస్టాఫీసూ అందులోనే. ఆవిడ చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రువు దారి తప్పాలని ఊళ్ళ పేర్ల బోర్డులన్నీ పీకేశారట. కొత్తవాళ్ళు అడిగితే పిల్లలు కూడా ఊరి పేరు చెప్పేవారు కాదట.

మర్నాడే అన్నయ్యా నేనూ మా వీధిలో ఇళ్ళ నంబర్లన్నీ ఊడదీసి బియ్యం డబ్బాలో దాచాం. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు. డ్యూటీ దిగొచ్చిన నాన్న ఆంటీ ఇంట్లోకెళ్ళి, సోఫాలో కూలబడి, "టీ పెట్టవే!" అని కేకేశాడు. ఆంటీ నిజంగానే టీ తెచ్చిచ్చింది.

"మిసైల్‌కి నంబర్లు చదవడం వచ్చట్రా?" అని నాన్న మా మీద విరుచుకుపడ్డాడు.

"మీరే దారి తప్పారుగా, ఇక శత్రువెంత!" అని ఆంటీ మమ్మల్ని వెనకేసుకొచ్చింది. ఆరోజే తన ఊరి పేరు మాకు చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడా స్తంభం మీద ఆ పేరు దర్జాగా ఉంది. ఫొటో ఇక్కడ పెట్టను, కామెంట్లలో అడక్కండి. యుద్ధం ఎప్పుడో అయిపోయిందిగా అంటారా? ఒట్టు తీసి గట్టున పెట్టమని ఆంటీ ఇంకా చెప్పలేదు.