వదులు స్క్రూకే బీమా

పాడేరు చుట్టుపక్కల ఏ గోడకు సీసీ కెమెరా కనిపించినా, చాలావరకు అది ఐజాక్ బిగించిందే అయి ఉంటుంది. బైకు వెనక వైరు చుట్టలు, పక్క సంచిలో డ్రిల్లింగ్ మిషను, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు స్క్రూలు. స్క్రూల బరువుకి జేబులు చిరిగిపోతున్నాయని భార్య సుజానా సణుగుతూనే కుడుతుంటుంది. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు. ఐజాక్ ఐటీఐ చదివి, విశాఖపట్నంలో ఆరేళ్లు అపార్ట్‌మెంట్లకు కెమెరాలు, అలారాలు బిగించి, అక్కడి సూపర్‌వైజర్ల అరుపులు పడలేక కొండెక్కి పాడేరు వచ్చేశాడు. వచ్చి తొమ్మిదేళ్లయింది.

అరుపులు తప్పాయి గానీ విసుగు తప్పలేదు. కొండ మీద కెమెరాల పనంటే మామూలు తలనొప్పి కాదు. వైర్లను కోతులు పీకేస్తాయి. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. లంబసింగిలో ఓ రిసార్టు యజమాని ప్రతి డిసెంబరులోనూ ఫోన్ చేసి కెమెరాలో తెల్లగా తప్ప ఏమీ కనబడటం లేదని గంటసేపు దెబ్బలాడతాడు, ఆ పొగమంచేదో ఐజాకే తెచ్చి పోసినట్టు. ఇన్ని చికాకుల మధ్య అతనికి మిగిలిన గర్వం ఒక్కటే. తొమ్మిదేళ్లలో అతను బిగించిన స్టాండు ఒక్కటీ వదులైంది లేదు. ఎంత గాలివానకైనా గోడ ఊడి రావాలే గానీ స్టాండు రాదు.

అతని పనికి ఇంకో పద్ధతి కూడా ఉంది. కెమెరా పెట్టాక, దాని చూపులో ఎవరి వాకిలి పడుతుందో వాళ్లను పిలిచి ఫోన్లో ఆ బొమ్మ చూపిస్తాడు. "ఇదిగో పిన్నీ, మీ నీళ్లతొట్టి కనబడతంది, పరవాలేదా?" అని అడుగుతాడు. వద్దంటే కాస్త పక్కకు తిప్పుతాడు. కాగితం, సంతకం ఏమీ ఉండవు. విశాఖపట్నంలో ఎవరూ ఇలా చెయ్యరు. ఇక్కడ మాత్రం ఇలా చెయ్యబట్టే ఊళ్లలోకి కెమెరా రానిచ్చారు. లేకపోతే మొదటి వారమే రాళ్లు పడేవి.

ఇలాంటి మనిషికి బీమా అవసరం ఏమొచ్చిందంటే, కర్రిపుట్టు కాఫీ గోడౌను వల్ల వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్లు ముప్ఫై మంది సంఘం పెట్టుకుని, ఎండబెట్టిన కాఫీ గింజల్ని బస్తాలకెత్తి ధర వచ్చేదాకా ఒకచోట దాచుకుంటారు. సంఘానికి అంతోనమ్మ పెద్ద. మనిషి నెమ్మది, మాట ఖచ్చితం. గోడౌనుకు కెమెరాలు పెట్టించుకోమని సాయం చేసిన సంస్థ ఒక మెలిక పెట్టింది. పని చేసేవాడికి బీమా ఉండాలట. అతని పనిలో లోపం వల్ల ఎవరికైనా నష్టం వస్తే బీమా కంపెనీ కట్టాలట. ఈ ఒక్క గోడౌను సవ్యంగా నడిస్తే ఇంకో ఎనిమిది ఊళ్ల గోడౌన్ల పని కూడా అతనికే ఇస్తామన్నారు. ఎనిమిది ఊళ్లంటే రెండేళ్ల పని. దానికోసం ఐజాక్ నర్సీపట్నం నుంచి వరహాలరావు అనే ఏజెంటును పిలిపించుకుని, అరచెయ్యంత మందమున్న ఇంగ్లీషు కాగితాల మీద ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకాలు పెట్టాడు.

"ఇందులో ఏటుందండీ?" అని అడిగితే, "నీకు మంచే ఉంది గురూ" అన్నాడు వరహాలరావు. అంతే, అంతకు మించి ఆ కాగితాల గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

గోడౌనుకు రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి ముందు వాకిలికి, ఒకటి వెనక తలుపుకు. వెనక కెమెరా చూపు తలుపు దాటి ఊరి దేవుడైన శంకుదేవుడి గద్దె దాకా పోతుంది. పెట్టిననాడు గద్దె మీద ఏమీ లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్లో ఇటుకల పండుగ వచ్చింది. దేవుడి ముందు విత్తనాలు పెట్టి, మగవాళ్లు అడవికి వేటకు వెళ్లే పండుగ అది. ఆ సోమవారం ఐజాక్ కోతులు తెంపిన వైరు అతకడానికి కర్రిపుట్టు వెళ్లాడు. అంతోనమ్మ ఏదో మీటింగుకని పాడేరు వెళ్లి ఉంది. ఊరి దిసారి సుక్రు, పండుగలకూ విత్తనాలకూ రోజు చూసి చెప్పే పెద్దాయన, నిచ్చెన కింద వచ్చి నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. మెల్లగా మాట్లాడతాడు.

"బాబూ, ఆ కన్ను ఇత్తనాల మీద పడతంది."

ఐజాక్ తిరిగి చూశాడు. గద్దె ముందు ఇంటింటి నుంచి తెచ్చిన విత్తనాలు ఆకు దొప్పల్లో వరసగా ఉన్నాయి.

"మట్టిలో పడకముందు ఇత్తనాన్ని పై ఊరోడు సూడకూడదు," అన్నాడు సుక్రు. "నువ్వొక్కడివే సూత్తే పరవానేదు. ఆ ఫోన్లో ఎక్కడెక్కడోల్లు సూత్తారో ఏటో. కాస్త పక్కకు తిప్పీ బాబూ. యేటకెల్లినోల్లు వచ్చీదాకా సాలు."

ఐజాక్ మరోమాట అడగలేదు. అడగాలని తోచనే లేదు. స్టాండు స్క్రూ వదులు చేసి, కెమెరాను పనసచెట్టు వైపు తిప్పి, మళ్లీ బిగించాడు. వేటకు వెళ్లినవాళ్లు రాగానే వచ్చి సరిచేస్తానని చెప్పి, దారికి అడ్డంగా వెదురు పట్టుకుని పాటలు పాడుతున్న ఆడపిల్లలకు పండుగ డబ్బులిచ్చి బయటపడ్డాడు.

వేటకు వెళ్లినవాళ్లు అయిదో రోజుకే వచ్చేశారు. ఐజాక్ మాత్రం లంబసింగిలో ఓ హోటలు పనిలో ఇరుక్కుపోయి ఏడో రోజున వెళ్లాడు. నిచ్చెనెక్కి కెమెరాను తలుపు వైపు తిప్పి, సరిగ్గా ఉందా అని ఫోన్లో చూసుకున్నాడు. తలుపు గొళ్లేనికి తాళం విరిగి వేలాడుతోంది.

అంతోనమ్మ సంఘం ఆడవాళ్లను పిలిచి బస్తాలు లెక్క చూసింది. పదకొండు బస్తాలు లేవు. పోలీసులొచ్చి రికార్డింగు అడిగారు. వారం రోజుల రికార్డింగు ఉంది. దొంగ లేడు. పనసచెట్టు ఉంది, రెండు కాయలున్నాయి, మధ్యలో ఓ కోతి వచ్చి వెళ్లింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే కాయ మీద ముళ్లు కూడా ఎంచొచ్చు. హెడ్ కానిస్టేబులు నవ్వాపుకోలేకపోయాడు. ఐజాక్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆడవాళ్లెవరూ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ బస్తాల్లో సగం చిట్టి అనే ఒంటరి ఆవిడవి. ఈ ఏడు ఆమె ఇంటి పైకప్పు రేకులు ఆ కాఫీ మీదే ఆధారపడి ఉన్నాయి. ఆవిడ ఐజాక్ ముఖం కేసి చూసి, "కెమేరా ఉందని నిద్దరపోనాం నాయనా," అంది. అంతే. ఆ ఒక్క మాటకు అతను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

అప్పుడు గుర్తొచ్చింది బీమా. ఇందుకే కదా తీసుకున్నది! ఐజాక్ వరహాలరావుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"గురూ, నువ్వు తిప్పీసినానని ఎక్కడా అనకు," అన్నాడు వరహాలరావు. "స్టాండు స్క్రూ సరిగ్గా బిగించలేదు, గాలికి కెమెరా తిరిగిపోయింది అను. అది పనిలో లోపం. లోపానికి కంపెనీ కడతాది. సంఘం రాసివ్వకుండా నీ అంతట నువ్వే తిప్పీసినావనుకో, అది కావాలని సేసిన పని. పైసా రాదు."

"అంటే పని సెడగొట్టినోడికి ఇత్తారు, పెద్దమనిసి మాట ఇన్నోడికి ఇవ్వరా?"

"పాలసీ అలాగుంది. నేను రాసినానేటి?"

ఐజాక్ ఫోను మంచం మీద గిరాటేశాడు. అబద్ధమని ఒక బాధ. ఆ అబద్ధం కూడా ఎలాంటిది! తొమ్మిదేళ్లలో ఒక్క స్క్రూ వదులు వదలనివాడు, వదులుగా వదిలేశానని తన చేత్తో రాసివ్వాలి. రాసిస్తే ఆ ఎనిమిది ఊళ్ల పని ఇస్తారో ఇవ్వరో తెలియదు. రాయకపోతే చిట్టికి రేకులు లేవు. ఎటు తిరిగినా గోడే అడ్డొస్తోంది. సుజానాను అడిగితే, "నేను రాయమని చెప్పలేను, వద్దనీ చెప్పలేను," అంది. అతనికి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. సరైన సమాధానం ఆవిడ దగ్గరైనా ఉంటుందనుకున్నాడు.

రెండు రోజులు కొట్టుకుని, మూడో రోజు అంతోనమ్మకు చెప్పాడు. "అక్కా, స్క్రూ వదులైందని రాసేత్తాను. మీ బస్తాల డబ్బులు మీకొత్తాయి."

"నన్నడిగినా తిప్పమనే అందును తమ్ముడూ," అంది అంతోనమ్మ. "నీ ఇష్టం. నేనూ వత్తాను ఆ రోజు."

కంపెనీ సర్వేయరు విశాఖపట్నం నుంచి వచ్చాడు. ఘాట్ రోడ్డు మలుపులకు ముఖం వాడిపోయి, కర్రిపుట్టు దాకా రాలేనని, ఫొటోలు చాలని ఐజాక్ ఇంట్లోనే కుర్చీ వేసుకున్నాడు. పదకొండు బస్తాలు పోయిన చోటును చూడకుండానే తేల్చేసే మనిషిని చూసి ఐజాక్‌కు ఒళ్లు మండింది. కానీ చెడ్డవాడేం కాదు. తొందరగా ఫైలు మూసేసి కిందికి దిగిపోవాలని మాత్రం ఉంది. వరహాలరావు పక్కనే కూర్చుని, ఐజాక్ నోరు తెరిచినప్పుడల్లా దగ్గుతున్నాడు.

"స్టాండు స్క్రూ పూర్తిగా బిగించకపోవడం వల్ల కెమెరా దిశ మారింది. అంతేనా?" అని సర్వేయరు రాసినది చదివి, కాగితం ఇటు తిప్పాడు. "ఇక్కడ సంతకం చేయండి."

ఐజాక్ పెన్ను తీసుకున్నాడు. అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. అంతోనమ్మ దిగింది. ఆమె వెనక, తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని, రెండు చేతులతో జీపు ఊచ పట్టుకుని సుక్రు దిగాడు.

అంతోనమ్మ లోపలికి వస్తూనే ఐజాక్ వైపు చూసి, "ఊళ్లోనే జీపు దిగిపోమన్నాను, దిగనేదు తమ్ముడూ," అంది చిన్నగా.

సుక్రుకు జీపు పడదు. కడుపులో తిప్పుతుందని పాడేరు సంతకు కూడా నడిచే వచ్చే మనిషి. ముఖం పాలిపోయి ఉంది. సుజానా ఇచ్చిన నీళ్లు తాగి, కుర్చీ వద్దని నిలబడే సర్వేయరు వైపు తిరిగాడు.

"బాబూ, మీరు పెద్దోరు. ఈ గుంటడి మీద నేరం ఏత్తన్నారని ఇన్నాను. ఈ బాబుది ఏ తప్పూ నేదు. ఆడి పని గట్టిది. ఆ కన్నును తిప్పమన్నది నాను. నా మాట మీద తిప్పినాడు."

వరహాలరావు దగ్గాడు. గట్టిగా దగ్గాడు. సుక్రు అతని వైపు జాలిగా చూసి, మళ్లీ అందుకున్నాడు.

"శంకుదేవుడి మీద ఒట్టు. కావాలంటే వేలిముద్ర ఏత్తాను."

సర్వేయరు పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఐజాక్ ఇచ్చేశాడు. "అంటే తెలిసే తిప్పారన్నమాట," అన్నాడు సర్వేయరు. అతని గొంతులో కోపం లేదు. "సంఘం నుంచి రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

"లేదండీ," అన్నాడు ఐజాక్.

"అయితే దీనికి పాలసీ వర్తించదండీ. సారీ." సంతకం కాని కాగితాన్ని ఫైల్లో పెట్టి, అంతోనమ్మకు నమస్కారం పెట్టి లేచాడు. వరహాలరావు అతని వెనకే వెళ్తూ గుమ్మంలో ఆగి, "నేనేం సెయ్యలేను గురూ, నీ సాక్షే నిన్ను ముంచీసినాడు," అని గొణిగి వెళ్లిపోయాడు.

ఐజాక్‌కు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద? ఆ పాలసీ రాసినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. తాళం విరగ్గొట్టినవాడు ఎవడో తెలియదు. ఎదురుగా ఉన్నది ఈ ముసలాయన ఒక్కడే. ఆయనేమో వచ్చిన పని అయిపోయినట్టు తేరుకున్న ముఖంతో గోడకు చేరగిలి కూర్చున్నాడు. అంతోనమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చిట్టికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తోందేమో.

"ఆల్లు మరి నిన్నేటీ అనరు కదా బాబూ?" అన్నాడు సుక్రు.

"అనరు తాతా."

"అంటే కబురెట్టు, మళ్లీ వత్తాను. వచ్చే పండక్కి నువ్వే రావాల. ఆ కన్ను నువ్వే తిప్పాల."

వారం రోజుల చిరాకంతా ఐజాక్ నోట్లోకి వచ్చింది. "వత్తాను. ఈసారి మాత్రం తిప్పమన్నట్టు కాగితం మీద నీ వేలిముద్ర ఏయించుకున్నాకే తిప్పుతాను," అన్నాడు విసురుగా.

సుక్రు ముఖంలో నవ్వు ఆగిపోయింది. అతని కేసి అర్థం కానట్టు చూశాడు.

"కాగితం ఎందుకు బాబూ? నానిచ్చిన మాట సాల్లేదేటి?"

ఆ మాట నిలబెట్టడానికే జీపెక్కి కొండ దిగి వచ్చిన మనిషికి, సాల్లేదని చెప్పడానికి ఐజాక్‌కు నోరు రాలేదు.