గాజు తలుపు వెనక నిఘంటువు

మొన్న మా మనవరాలు 'ఎక్స్‌పోర్ట్' అనే మాట ఎలా పుట్టిందని అడిగింది. కైకలూరు రొయ్యల లారీ మీద చూసిందట. నాకు తెలుసు గానీ, నోటితో చెప్పేస్తే ఏం రుచి? ఏలూరు గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. ఎనిమిదో తరగతితో బడి నన్ను వదిలేస్తే చేరదీసింది ఆ గదే. తీరా చూస్తే, ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే లావుపాటి నిఘంటువు గాజు బీరువాలో ఉంది. అట్టకి పసుపు, కుంకుమ, పైన బంతిపూల దండ, తలుపుకి తాళం. ఒళ్ళు మండిపోయింది.

అది మా మేనమామ ఇచ్చిన పుస్తకం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం ఆయనది. గల్లాపెట్టె పక్కన, ఉల్లిపొట్టు రాలుతున్నా అది తెరిచే ఉండేది. దసరాకి అత్తయ్య పద్దుల పుస్తకాలతో పాటు దానికీ బొట్టు పెట్టబోతే, "దానికొద్దే, అది చదివే పుస్తకం" అని లాక్కునేవారు. మాటని ఉల్లిపాయలా ఒలిచేవారు. "ముందు పొర 'ఎక్స్', బయటికి. లోపల 'పోర్ట్', లాటిన్‌లో మొయ్యడం. పొర మార్చి 'ఇం' పెట్టరా, లోపలికి మోస్తావు. 'ట్రాన్స్' పెడితే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి. వెనక 'అర్' తగిలిస్తే మోసేవాడే పుడతాడు, పోర్టర్!" బస్తా దించుతున్న ముఠా మేస్త్రి ఊరుకునేవాడు కాదు. "ఏ పొర పెట్టినా మోసేది మేమేగదండీ షావుకారుగారూ!" అందరికంటే గట్టిగా మామయ్యే నవ్వేవారు. చూపు మందగించాక పుస్తకాన్ని గ్రంథాలయానికిస్తూ ఒక్కటే కోరారు: "అడిగినవాళ్ళ చేతిలో పెట్టండి."

"పెద్దాయన గుర్తుగా ఉంచామండీ, దేవుడితో సమానం కదండీ" అన్నాడు గ్రంథాలయ ఉద్యోగి. తాళంచెవి కమిటీవారి దగ్గరుందట.

"దేవుడికైనా రోజూ తలుపు తీస్తారు కదండీ!" అన్నాను. పేపరు చదివేవాళ్ళు తలలెత్తారు.

"కోప్పడకండి. కావాలంటే ఫొటో తీసుకోండి."

అట్టకి ఫొటో! మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "పోన్లే తాతయ్యా, ఫోన్లో చూసుకుంటాలే" అంది. అది ఇంకా మండించింది. చూసుకుంటుంది, దొరుకుతుంది కూడా. కానీ ఒక మాట కోసం తెరిచి, పక్క మాటలోకి, దాని పక్క మాటలోకి, సాయంత్రం దాకా దారితప్పడం ఎక్కడ దొరుకుతుంది?

గాజులోంచి చూస్తే పుటల అంచున పొడి రాలి ఉంది. పురుగు పట్టింది. ఉల్లిఘాటుకీ, దుమ్ముకీ, మా అందరి చేతులకీ తట్టుకున్న పుస్తకం పూలదండ కింద పొడైపోతోంది. రేపు అడిగితే కాలం తినేసిందండీ అంటారు. మాకివ్వని తాళంచెవి కాలానికి ఎవరిచ్చారని నేనడుగుతాను.