మడిచీర కొంగులో కోడిపిల్ల

మా చిన్నప్పుడు... యాకుత్‌పురాలో మా ఇంటి వెనక కట్టెల కొట్టంలో ఒకరోజు పొయ్యిలోకని కట్టెలు తీయబోతే, లోపలి నుంచి ఏదో టక్కున నా చెయ్యి పొడిచింది. కెవ్వుమన్నాను. వంగి చూస్తే చీకట్లో రెండు గుండ్రటి కళ్లు... ఎర్రకోడి! ఒళ్లంతా ఉబ్బించుకుని, ఇంకొంచెం దగ్గరికొస్తే నీ పని చెబుతానన్నట్టు చూస్తోంది.

మాది అర్చకుల ఇల్లు. గల్లీ చివర చిన్న గుడిలో తాతయ్య పూజ చేసేవారు. ఉల్లిపాయ తినడానికే మా ఇంట్లో సవాలక్ష పట్టింపులు. ఇక గుడ్డు అన్న మాటే ఎవరి నోటా వచ్చేది కాదు. అలాంటి ఇంట్లోకి కోడి దూరింది...

"మల్లమ్మా! ఓ మల్లమ్మా! నీ కోడి మా కొట్టంల జొచ్చింది. జల్ది వచ్చి పట్కపో!" నాయనమ్మ గోడ మీదుగా కేకేసింది.

పక్కింటి మల్లమ్మత్త వాళ్లకు బర్రెలుండేవి. మాకు పాలు వాళ్లే పోసేవాళ్లు. చేతులకంటిన పేడ కడుక్కుని, గంప పట్టుకుని వచ్చింది. కొట్టంలోకి తొంగి చూసి గంప పక్కన పెట్టేసింది.

"అమ్మా... పొదుగ కూసున్నది. కింద గుడ్లున్నయి. ఇప్పుడు జాగ మారిస్తే మళ్ల కూసోదు. అన్ని ఖరాబైతయి."

నాయనమ్మ కూడా వంగి కోడి వంక తొంగి చూసింది.

"సరే... పిల్లలైనంక తోల్కపో" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మూల కట్టెలు ఎవరూ ముట్టకూడదని అదే రోజు ఆజ్ఞ వేసింది. నూకలు వేయడం, చిప్పలో నీళ్లు పోయడం నా పని. తనకేమీ పట్టనట్టే ఉండేది నాయనమ్మ... కానీ ఒక మధ్యాహ్నం వాన పడి కొట్టం పెంకుల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే, తడుస్తూ వెళ్లి కోడికి పైన గోనెపట్టా కట్టి వచ్చింది. వచ్చి మళ్లీ స్నానం చేసింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పొద్దున్నే కొట్టంలో కిచకిచలు... నేను పరుగెత్తేసరికే కోడి పిల్లల్ని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చేసింది. ఏమి దర్జా దానిది!

గూట్లో చూస్తే ఖాళీ పెంకుల మధ్య ఒక గుడ్డు మిగిలిపోయి ఉంది. దానికి చిన్న చిల్లు. ఆ చిల్లులో బుజ్జి ముక్కు. లోపల్నుంచి సన్నటి ఏడుపు. పట్టుకుంటే చల్లగా తగిలింది...

మల్లమ్మత్త ఆ రోజే ఎవరిదో పెళ్లికి వెళ్లింది. నాకేం చేయాలో తోచలేదు. గుడ్డు పట్టుకుని నేరుగా వంటింటి గడప దాకా పోయాను. నాయనమ్మ మడి కట్టుకుని వంట చేస్తోంది.

"ఛీ ఛీ! దూరం! అక్కడ్నే ఆగు!"

"నాయనమ్మా... లోపల పిల్ల ఉన్నది. వాళ్లమ్మ ఇడిచిపెట్టి పోయింది."

గుడ్డులోంచి మళ్లీ ఆ సన్నటి గొంతు... నాయనమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. పొయ్యి మీది గిన్నె దించి, చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టని మనిషి... ఆ గుడ్డును మడిచీర కొంగులో చుట్టి, సెగ తగిలేలా పొయ్యి పక్కన కూర్చుంది. గోటితో కొంచెం పెంకు తీయబోయింది. సన్నగా రక్తం కనబడింది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యో తల్లీ... నొచ్చిందా?"

ఇక పెంకు జోలికి పోలేదు. దీపం వత్తుల పత్తిని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, చిల్లు చుట్టూ అద్దుతూ కూర్చుంది. కాసేపటికి ఆ కిచకిచ కూడా ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"గమ్మునుండు. పాపం, అలసిపోయింది. జర ఊపిరి పీల్చుకోని."

అప్పుడే తాతయ్య గుడి నుంచి భోజనానికి వచ్చారు. గిన్నె దించేసిన పొయ్యి, ఉడకని పప్పు, మడిచీరలో గుడ్డు... ఇక పెద్ద లొల్లే అనుకున్నాను.

"పానం ఉన్నదా?" అని మాత్రం అడిగారు.

"తెలుస్తలేదు."

"అయితే ముందుగాల గా సంగతి చూడు. అన్నం జర ఆలస్యమైతే ఏమైతది?" అని, తెచ్చిన ప్రసాదం గడప దగ్గరే కూర్చుని నాకు తినిపించారు.

నేను తింటుండగానే గుడ్డు కదిలింది. పగులు చుట్టూ తిరిగి... రెండు చెక్కలయింది. తడిసి ముద్దయి, మెడ నిలపలేక వాలిపోతూ ఒక పిల్ల బయటపడింది. ఎండుతున్న కొద్దీ ఈకలు విచ్చుకుని పసుపుపచ్చ బంతిలా తయారయింది. లేచింది, పడింది, మళ్లీ లేచింది. నాయనమ్మ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం మల్లమ్మత్త వచ్చి, దాన్ని మెల్లగా కోడి రెక్క కిందికి జరిపింది. కోడి పొడవలేదు. కొంచెం సర్దుకుని కూర్చుంది.

నాయనమ్మ ఎటో చూస్తూ అంది. "మల్లమ్మా... కడమవి నీ ఇష్టం. నేనేం అడుగ. గీ ఒక్కదాన్ని మాత్రం..."



"ఫికర్ చెయ్యకమ్మా. దీని మీద కత్తి పడనియ్య. ఇది నీ బిడ్డ."

మల్లమ్మత్త మాట తప్పలేదు. ఎంతమంది చుట్టాలొచ్చినా దాని జోలికి పోలేదు. అది పెరిగి, తనూ పిల్లల్ని చేసి, ముసలిదయ్యి ఒక చలికాలం పోయింది. ఆ సంగతి గోడ దగ్గరికొచ్చి చెప్పిన రోజు నాయనమ్మ నేరుగా వెళ్లి తలస్నానం చేసి వచ్చింది. ఎందుకని మేమెవరం అడగలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు, మల్లమ్మత్త లేదు. రెండిళ్ల జాగాలోనూ మూడంతస్తుల బిల్డింగులు లేచాయి...

మొన్న మా పాప ఫోన్‌లో గుడ్డు పగిలి కోడిపిల్ల బయటికొచ్చే వీడియో చూసి, "అమ్మా, చేత్తో పట్టుకుంటే ఎట్లుంటది?" అని అడిగింది. వెచ్చగా అన్నాను, దూదిలా అన్నాను... ఏ మాటా సరిపోలేదు. పాపను తీసుకెళ్లి ఒకదాన్ని చేతిలో పెడదామంటే చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ కోడిపిల్ల లేదు.

మీలో ఎవరైనా అప్పుడే పుట్టిన కోడిపిల్లను పట్టుకున్నారా? ఎలా ఉంటుందో రెండు ముక్కలు రాయండి... మా పాపకు చదివి వినిపిస్తాను.